అవ్వ కయ్యలోకి దిగింది

ఆదివారం పొద్దున ఆరున్నరకి ఫోన్ మోగిందంటే ఎవరికో ఏదో అయ్యుంటుందని మా ఇంట్లో అందరూ హడలిపోతారు. 2014లో ఒక ఆదివారం అలాగే మోగింది. అవతల ఎవరో పెద్దాయన. ఒంగోలు దగ్గర నుంచి అన్నాడు.

"ఏమయ్యా, నీ కథ చదివాను. అంతా బాగానే ఉంది గానీ, ఆ ముసలమ్మ ఎవరితో కయ్యానికి దిగింది? చివరిదాకా వెతికాను. గొడవ ఎక్కడా లేదే?"

నా మొదటి కథ అచ్చయిందని నాకు తెలిసింది ఈ ఫోన్ వల్లే. పత్రిక వాళ్లు ముందుగా ఒక్క మాట చెప్పలేదు. వేసుకుంటామని ఉత్తరం వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. నేను ఆశ వదిలేసుకున్నాను.

పళ్లు కూడా తోముకోకుండా స్కూటర్ తీసి తిరుపతి ఆర్టీసీ బస్టాండు దగ్గరి పేపర్ల బంకుకి పోయాను. కొండకి పోయే బస్సుల కోసం నిలబడ్డ యాత్రికుల మధ్యే ఆదివారం పుస్తకం తిరగేశాను. ఉంది. నా పేరు ఉంది, కథ చివర నా ఫోన్ నంబరు ఉంది, మధ్యలో రంగుల బొమ్మ ఉంది. బొమ్మలో ఒక ముసలమ్మ నడుముకి కొంగు బిగించి, చెయ్యెత్తి ఎవరినో తిడుతోంది. మా అవ్వ జన్మలో అట్లా ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగదు.

నేను రాసిన మొదటి వాక్యం ఇది: 'తెల్లారక ముందే కుచ్చిళ్లు ఎగదోపుకొని అవ్వ కయ్యలోకి దిగింది.' పత్రికలో అచ్చయింది: 'తెల్లారక ముందే కుచ్చిళ్లు ఎగదోపుకొని అవ్వ కయ్యానికి దిగింది.'

మా చిత్తూరు పక్క కయ్య అంటే వరి మడి. చెరువు కింద మాకు రెండు కయ్యలుండేవి. చెరువు నీళ్లు పంచే నీరుగంటి తూము ఎత్తి నీళ్ల వంతు మనదని చెప్పాడంటే, చీకటైనా వానైనా కయ్యలో దిగి మడవ కట్టి నీళ్లు మళ్లించుకోవాల్సిందే. కథ పేరు కూడా 'నీళ్ల వంతు'. ప్రూఫు చూసినాయన కయ్య అనే మాట ఎప్పుడూ విని ఉండడు. పాపం, రచయితకి వ్యాకరణం రాదనుకుని దిద్దాడు. ఆయన దిద్దినదాన్ని బట్టి ఆర్టిస్టు బొమ్మ గీశాడు. కుచ్చిళ్లు ఎగదోపుకోవడం కూడా జగడానికి సరిగ్గా సరిపోయింది.

ఆ రోజు పదిహేడు ఫోన్లు వచ్చాయి. లెక్క రాసి పెట్టుకున్నాను. అందులో పదకొండు మంది కయ్యం సంగతే అడిగారు. సోమవారం రెండు వచ్చాయి. మంగళవారం ఒకటి వస్తే చూశాను, ఎల్‌ఐసీ ఏజెంటు.

ఇక్కడిదాకా ఎట్లా వచ్చానో చెప్పాలి.

నాకు ఎస్వీ యూనివర్సిటీ దగ్గర డీటీపీ, జిరాక్స్ అంగడి ఉంది. 2003లో పెట్టాను. చదివింది ఇంటర్. కానీ తెలుగు సాహిత్యం మీద ముప్పై, నలభై పరిశోధన గ్రంథాలు చదివాను, అదీ ఒక్కోటి మూడేసి సార్లు. టైపు కొట్టేటప్పుడు ఒకసారి, ప్రూఫు చూసేటప్పుడు ఒకసారి, గైడు ఎర్రసిరాతో దిద్ది పంపాక మరోసారి. ఎవరైనా ఎంఏ చదివావా అంటే, చదవలేదు, కొట్టాను అంటాను.

అట్లా కొట్టిన వాటిలో ఒకటి మధురాంతకం రాజారాంగారి కథల మీద. మాది పాకాల పక్క పల్లె. మామిడికాయల కాలంలో మా నాయన దామలచెరువు మండీకి బండి తోలేవాడు. ఆ దామలచెరువులోనే ఉంటూ, బడిపంతులుగా పనిచేస్తూ ఆయన అన్ని కథలు రాశాడనీ, 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిందనీ నాకు టైపు చేస్తే గానీ తెలియలేదు. చిన్నప్పుడు ఆ ఊరి బస్టాండులో ఎన్నోసార్లు వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాను. ఆ మనిషి నా ముందర నుంచే నడిచి పోయుంటాడేమో. మన పక్కూరాయన రాయగా లేంది మనం రాస్తే ఏమవుతుంది అని అనిపించింది. పొగరే, కాదనను.

కథల పోటీల సీజను వచ్చిందంటే మా అంగడికి పండగ. ఉగాదికి ఒకటి, దీపావళికి ఒకటి, సంక్రాంతికి ఇంకోటి. రిటైరైన పంతుళ్లు, బ్యాంకు ఆఫీసర్లు, ఇంట్లో అందరూ నిద్రపోయాక రాసుకునే ఆడవాళ్లు రూళ్ల కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెడతారు. పోటీకైతే కథ మీద పేరు ఉండకూడదు, పేరు వేరే కాగితం మీద ఉండాలి. ఇన్ని పదాలు దాటకూడదు. అన్నిటికన్నా ముఖ్యం హామీ పత్రం. 'ఈ కథ నా స్వంతం. దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదు. ఇంతకు ముందు ఎక్కడా ప్రచురితం కాలేదు. వేరే ఏ పత్రిక పరిశీలనలోనూ లేదు.' ఈ నాలుగు ముక్కలూ కంప్యూటర్లో పెట్టుకుని, పేరు మార్చి, కాపీ ఐదు రూపాయలకి అమ్మేవాణ్ణి. కొంతమంది ఒకే కథకి నాలుగు హామీ పత్రాలు తీసుకుపోయేవాళ్లు. నేను నవ్వుకునేవాణ్ణి.

నేను మొట్టమొదట రాసిన కథలో నాయకుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. నేను హైదరాబాదు చూసింది రెండుసార్లు, రెండుసార్లూ పెళ్లిళ్లకే. నాయిక అమెరికా వెళ్లిపోతుంది. ఎయిర్‌పోర్టులో వాన పడుతుంది. లోపల వాన ఎట్లా పడుతుందని మా ఆవిడ అడిగింది. బయట పడుతుందిలే అన్నాను. ఆ కథ మూడు పత్రికలు తిరిగింది. రెండు చోట్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. స్టాంపులంటించి పంపిన కవరు మూడోచోటి నుంచి తిరిగొచ్చింది. కాగితాలకి నేను గుచ్చిన గుండుసూది గుచ్చినట్టే ఉంది. తీసి చదివిన గుర్తు ఎక్కడా లేదు.

అట్లా 2010 నుంచి మూడేళ్లలో తొమ్మిది కథలు పంపాను. తొమ్మిదీ పోయాయి. ఈమెయిల్ వచ్చాక ఇంకో తంటా మొదలైంది. నేను పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టేవాణ్ణి. ఒక పత్రిక అనులోనే పంపమంటుంది, ఇంకోటి నెట్‌లో ఎక్కడైనా తెరుచుకునే యూనికోడ్ అంటుంది. అను నుంచి యూనికోడ్‌కి మారిస్తే ఒత్తులు ఎగిరిపోతాయి, దీర్ఘాలు పక్క అక్షరం మీద కూర్చుంటాయి. అందరి ఫైళ్లూ మార్చిచ్చేవాణ్ణి నేనే, నా కథ మాత్రం చూసుకోకుండా పంపేశాను. చదివిన సంపాదకుడు ఏమనుకున్నాడో వెంకన్నకే తెలియాలి.

నేను చేసిన పెద్ద తప్పు వేరే ఉంది. తొమ్మిదిలో ఏడో కథ ఒక మాసపత్రికకి పంపాను. ఆరు నెలలు చూశాను, జవాబు రాలేదు. పోయిందిలే అనుకుని ఇంకో వారపత్రికకి పంపాను. రెండింటి నుంచీ పది రోజుల తేడాలో 'స్వీకరించాం' అని ఉత్తరాలు వచ్చాయి. సంతోషంలో ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పాలని కూడా తోచలేదు. ఎట్లాగో సంగతి తెలిసి మాసపత్రికాయన ఫోన్ చేశాడు. "హామీ పత్రం మీద సంతకం మీదేనా?" అని ఒక్క ప్రశ్న అడిగాడు. నాదేనన్నాను. పెట్టేశాడు. కథ రెండుచోట్లా ఆగిపోయింది. ఆయన మాత్రం నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. అప్పటినుంచి ఒక నోటుబుక్కు పెట్టాను. ఏ కథ, ఏ తేదీ, ఎవరికి, ఎప్పుడు వెనక్కి తీసుకున్నట్టు రాశాను అన్నీ అందులో ఉంటాయి. ఆరు నెలలు చూసి, 'మా కథ ఉపసంహరించుకుంటున్నాం' అని ఒక కార్డు రాసిన తర్వాతే ఇంకోచోటికి పంపుతాను. హామీ పత్రాలు కొనడానికి వచ్చేవాళ్లకి ఈ ముక్క ఉచితంగా చెప్తున్నాను. సగం మంది వినరు.

'నీళ్ల వంతు' పదోది. మా అవ్వ చనిపోయిన ఏడాది రాశాను. రాసేటప్పుడు ఏ పత్రిక అని ఆలోచించలేదు, అదొక్కటే దాని గొప్ప. కయ్య, గెనిమ, మడక, కసువు చిమ్మడం, అవ్వ నోట్లో ఏ మాట ఉంటే అదే రాశాను. అచ్చులో గెనిమ గట్టయింది, మడక నాగలయింది. వాటికి నేనేమీ బాధపడలేదు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారు ఇదే చిత్తూరు మాటతో రాసి రాష్ట్రమంతా చదివించారు, నిజమే. ఆయన పేరుంది, ఆయన మాట ముట్టుకోరు. యూనివర్సిటీ దగ్గర జిరాక్సులు తీసేవాడి మాట దిద్దుతారు. లోకరీతి. కయ్య ఒక్కటి మాత్రం ఓర్చుకోలేకపోయాను. పత్రికాఫీసుకి ఫోన్ చేస్తే ఒకాయన ఎత్తాడు. "పాఠకులకి అర్థం కావాలి కదండీ" అన్నాడు. అర్థం కాలేదనే పదకొండు మంది ఫోన్ చేశారండీ అన్నాను. "అయితే కథ బాగా వెళ్లినట్టే" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఈరోజుకీ లేదు.

పారితోషికం ఐదు నెలలకి వచ్చింది. ఆరు వందల రూపాయల చెక్కు. చెక్కు మీద నా కలం పేరు రాసి పంపారు. బ్యాంకులో ఆ అమ్మాయి చెక్కు అటూ ఇటూ తిప్పి, ఈ పేరుతో ఎవరూ లేరన్నా అంది. నేనేనమ్మా అంటే ఆధార్ చూపించమంది. కలం పేరుకి ఆధార్ ఎక్కడిది? చెక్కు వెనక్కి పంపి, అసలు పేరుతో మళ్లీ రప్పించేసరికి ఇంకో నాలుగు నెలలు. కాబట్టి కలం పేరు పెట్టుకునేవాళ్లు కథతోపాటు బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు కూడా రాసి పంపండి. ఇది ఏ సాహిత్య సభలోనూ చెప్పరు.

ఆ తర్వాత ఐదారేళ్లు కాస్త నడిచింది. ఏడాదికి రెండో మూడో అచ్చయ్యేవి. ఒకసారి పోటీలో ప్రత్యేక బహుమతి వచ్చింది. ప్రత్యేక బహుమతి అంటే మొదటిదీ కాదు, రెండోదీ కాదు, మూడోదీ కాదు. శాలువా కప్పారు, ఆ శాలువా మా అత్తగారు కప్పుకుంటున్నారు.

2020లో కరోనాతో అంగడి మూసుకుని ఇంట్లో కూర్చున్నాను. అప్పుడే వారపత్రికలు, మాసపత్రికలు కూడా ఒక్కొక్కటే ఆగిపోవడం మొదలైంది. 1978 నుంచి నడిచిన మాసపత్రికలు విపుల, చతుర 2021లో ఆగిపోయాయి. మా అంగడికొచ్చే ఒక పెద్దాయన విపులకి ముప్పై ఏళ్లు చందా కట్టాడు. ఆగిపోయిందని తెలిసిన రోజు వచ్చి, ఏమీ టైపు చేయించుకోకుండా అరగంట కూర్చుని వెళ్లాడు.

వెబ్ పత్రికల వైపు నేను చూసింది అప్పుడే. అవి కొత్తవేమీ కాదు, ఈమాట 1998 నుంచే ఉంది. నాకే, అచ్చయితేనే కథ అనే పిచ్చి ఉండేది. కాగితం వాసన మధ్య బతికేవాణ్ణి కదా. ఒక వెబ్ పత్రికకి కథ పంపితే పన్నెండు రోజులకి జవాబొచ్చింది. వేసుకుంటామనీ లేదు, వేసుకోమనీ లేదు. రెండు పేజీల ప్రశ్నలు. ఈ పాత్ర రెండో భాగంలో ఎందుకు మాయమైంది? ఈ పేరాలో కథ చెప్తున్నది ఎవరు? చివరి నాలుగు వాక్యాలు తీసేస్తే ఏమవుతుంది? మొదట ఒళ్లు మండింది. రెండు రోజులు ఆ ఉత్తరం మొహం చూడలేదు. మూడో రోజు చివరి నాలుగు వాక్యాలు తీసి చూశాను. ఏమీ కాలేదు. కథ నిలబడింది. పదేళ్లలో నా కథ ఒకరు చదివినట్టు నాకు నమ్మకం కలిగింది ఆ ప్రశ్నల కాగితం చూసినప్పుడే. అక్కడ పారితోషికం లేదు. ఫోన్లు కూడా రావు. కింద ముగ్గురు అభిప్రాయం రాశారు, అందులో ఒకరు మా బావమరిది.

పుస్తకం సంగతి క్లుప్తంగా చెప్తాను. గుర్తుచేసుకుంటే మా ఆవిడకి ఇప్పటికీ కోపం వస్తుంది. 2022 మార్చిలో పద్నాలుగు కథలతో ఐదు వందల కాపీలు విజయవాడలో అచ్చువేయించాను. నలభై రెండు వేలు అయింది. టైపు, పేజీలు, ప్రూఫు అన్నీ నేనే, లేకపోతే ఇంకా అయ్యేది. పుస్తకానికి గుర్తింపుగా వేసే ఐఎస్‌బీఎన్ నంబరు ఇప్పిస్తానని ఒకాయన మూడు వేలడిగాడు. దాన్ని ఢిల్లీలోని రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది, ఆన్‌లైన్లో మనమే దరఖాస్తు పెట్టుకోవచ్చు. థీసిస్‌ల వాళ్లకి పెట్టిచ్చే పనే కాబట్టి నాకు తెలుసు. కవరు వెనక 'చిత్తూరు జిల్లా' అని గర్వంగా వేశాను. పుస్తకాలు లారీ ఆఫీసు నుంచి ఇంటికొచ్చిన వారానికి, ఏప్రిల్ 4న, మా పాకాల తిరుపతి జిల్లాలోకి వచ్చేసింది. మొదటి పేజీలో అడ్రసు, అట్ట మీద అడ్రసు అన్నీ పాతబడిపోయాయి. ఆవిష్కరణకి ఎనభై కుర్చీలు వేశాం. ముప్పై రెండు నిండాయి, అందులో ఆరుగురు మా ఊరి నుంచి జీపు మాట్లాడుకుని వచ్చినవాళ్లు. రెండు వందల దాకా పుస్తకాలు ఊరికే పంచాను. పుస్తకాల షాపుకి యాభై ఇస్తే ఏడాదికి పదకొండు అమ్ముడుపోయాయని చెప్పి, మిగిలినవి తీసుకుపోమన్నారు. మిగిలిన కట్టలు మంచం కింద ఉన్నాయి. పుస్తకంలో మాత్రం 'కయ్యలోకి దిగింది' అని సరిచేశాను. రెండుసార్లు, మూడుసార్లు చూసి మరీ సరిచేశాను.

ఒక కాపీ శ్రీకాకుళం పంపాను. అక్కడ కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం ఉంది. తెలుగులో అచ్చయిన కథలన్నీ ఒకచోట చేరాలని ఆయన పట్టుబట్టి కూడబెట్టాడు. మాస్టారు 2021లో పోయారు. కథానిలయం మాత్రం నడుస్తోంది, బోలెడన్ని కథలు స్కాన్ చేసి నెట్‌లో కూడా పెట్టారు. ఒక రాత్రి అంగడి మూసే ముందు ఊరికే నా కలం పేరు కొట్టి చూశాను. నా పేరు ఉంది. కింద ఏడు కథల పేర్లున్నాయి, 'నీళ్ల వంతు' కూడా ఉంది. నేను పంపింది పుస్తకం ఒక్కటే. ఆదివారం పుస్తకంలోని కథ ఎవరో ఎక్కడో కత్తిరించి దాచి, అక్కడికి చేర్చారన్నమాట. అటు చివర ఊళ్లో నా కథ ఒక బీరువాలో ఉంది. ఆ రాత్రి షట్టర్ వెయ్యకుండానే ఇంటికి బయల్దేరి, సగం దారి నుంచి వెనక్కొచ్చాను.

పోయినేడాది ఒక పరిశోధక విద్యార్థిని థీసిస్ టైపింగ్‌కి ఇచ్చింది. రాయలసీమ కథల్లో సేద్యం చేసే ఆడవాళ్ల మీద. ఏలూరు వైపు అమ్మాయి, ఇక్కడ హాస్టల్లో ఉంటుంది. నాలుగో అధ్యాయం పేరు 'ధిక్కార స్వరాలు'. రెండు పేజీలు కొట్టి మూడోది తిప్పాను.

'కథ మొదటి వాక్యంలోనే అవ్వ కయ్యానికి దిగింది అనడం ద్వారా, తరతరాల పితృస్వామ్యంపై గ్రామీణ స్త్రీ యుద్ధ ప్రకటన చేసినట్టు రచయిత ధ్వనింపజేశారు. ఆ యుద్ధం ఎవరితో అన్నది కథలో ఎక్కడా చెప్పకపోవడం ఈ కథలోని గొప్ప శిల్పం.'

కీబోర్డు మీద చేతులు ఆగిపోయాయి. కింద ఫుట్‌నోటులో నా కలం పేరు, పత్రిక పేరు, తేదీ అన్నీ సరిగ్గా ఉన్నాయి.

సాయంత్రం ఆ అమ్మాయి వస్తే, మెల్లగా అడిగాను. "ఇక్కడ కయ్యలోకి అని ఉండాలేమో చూడమ్మా. మా పక్క మడిని కయ్య అంటాం."

"లేదన్నా" అని సంచిలోంచి కథానిలయం స్కాన్‌కి తీసుకున్న జిరాక్సు తీసింది. "చూడండి, ఒరిజినల్‌లోనే కయ్యానికి అని ఉంది. బొమ్మ కూడా చూడండి, ఎంత కోపంగా ఉందో. మా సారుకి కూడా ఈ పాయింటు బాగా నచ్చింది. దీని మీదే పద్నాలుగు పేజీలు రాశాను."

బొమ్మలో అవ్వ ఇంకా చెయ్యెత్తే ఉంది. పదేళ్లయినా దించలేదు.

"సరేమ్మా" అన్నాను. పద్నాలుగు పేజీలూ ఉన్నది ఉన్నట్టు కొట్టాను. నిజం చెప్పాలంటే ఆరో పేజీకి వచ్చేసరికి నాకే అనుమానం వచ్చింది. నీళ్ల వంతు కోసం మా అవ్వ అన్నేళ్లు చీకట్లో ఒక్కతే పోయింది. ఆ వంతు ఆమెకి ఎవరు ఊరికే ఇచ్చారు?

వెళ్లబోతూ ఆ అమ్మాయి ఆగింది. "అన్నా, ఈ రచయితది ఇక్కడే ఎక్కడో అంట. ఇంటర్వ్యూ చేసి చివర అనుబంధంగా పెట్టమన్నారు సారు. పత్రికలో ఫోన్ నంబరు వేసే ఉంటారు, నా జిరాక్సులో కింది రెండు లైన్లు తెగిపోయాయి. ఎవరినైనా కనుక్కుంటారా?"

కనుక్కుంటానన్నాను. పేజీ పదిహేను రూపాయల లెక్కన ఆ అధ్యాయానికి బిల్లు రాసిచ్చాను. పైన అంగడి పేరు, కింద నంబరు. పత్రికలో వేసిందీ ఆ నంబరే.